సరదాకు ఎగిరినా పరీక్ష తప్పదా? చిన్న విమానాల పైలట్లకు వైద్య ధ్రువపత్రం

ఈ ఉపన్యాసంలో మనం ఒక చిన్న కాగితం గురించి తెలుసుకుందాం. చిన్న విమానం నడపాలనుకునే ప్రతి ఒక్కరూ ముందుగా సంపాదించుకోవలసిన వైద్య ధ్రువపత్రం అది. పైలట్ ఉద్యోగం చేసేవారికి ఇలాంటి పత్రం కావాలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. సెలవు రోజున సొంత ఖర్చుతో, కేవలం ఎగరాలన్న సరదాతో రెండు సీట్ల విమానం ఎక్కేవారికి కూడా అది ఎందుకు? ఆ పరీక్షలో ఏం చూస్తారు? అందులో నెగ్గనివారికి దారులన్నీ మూసుకుపోతాయా? ఒకసారి నెగ్గితే ఇక చింత లేదా? ఈ ప్రశ్నలకు వరుసగా జవాబులు వెతుకుదాం.

భిలాయిలో పెరిగినవారికి ఇలాంటి కాగితం కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో ఇక్కడి ఉక్కు కర్మాగారానికి బీజం పడింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఆ ఇళ్ళలో 'మెడికల్ అయిందా?' అన్న మాట అందరికీ తెలిసినదే. కరిగిన ఇనుము నిండిన లాడిల్‌ను మనుషుల తలల మీదుగా మోసుకుపోయే క్రేన్‌ను, కంటిచూపు సరిగా లేనివారి చేతికి ఎవరూ అప్పగించరు. ఎరుపు, ఆకుపచ్చ దీపాలకు తేడా తెలియనివారిని రైలు ఇంజను ఎక్కనివ్వరు. ఇది వారి మీద అపనమ్మకం కాదు. ఆ పనిలో జరిగే పొరపాటు చేసినవారితో ఆగదు కాబట్టి ఈ కట్టుబాటు.

పట్టణానికి ఉత్తరాన, కర్మాగారానికి సున్నపురాయి అందించిన నందిని గనుల దగ్గర ఒక విమానపట్టీ ఉంది. అక్కడి నుంచి ఎగిరే చిన్న విమానానికైనా, మరెక్కడి విమానానికైనా పైన చెప్పిన క్రేన్ సూత్రమే వర్తిస్తుంది.

పరీక్ష ఎందుకు?

కారు నడుపుతున్నవారికి కళ్ళు తిరిగినట్లయితే పక్కకు తీసి ఆపవచ్చు. ఆకాశంలో పక్కకు ఆపే చోటు లేదు. విమానాన్ని నేలకు దించితేనే ఆ ప్రయాణం ముగుస్తుంది. దించడమే అన్నిటికంటే నేర్పు కావలసిన పని. పెద్ద విమానాల్లో ఒక పైలట్‌కు ఒంట్లో బాగుండకపోతే పక్కన రెండో పైలట్ ఉంటారు. చిన్న విమానంలో సాధారణంగా ఒక్కరే పైలట్.

కాబట్టి ముగ్గురి క్షేమం ఆ ఒక్కరి ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. ఒకరు పైలట్. రెండోవారు పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడో, బంధువో. మూడోవారు ఆ విమానం సంగతే తెలియకుండా కింద పొలంలోనో, బజారులోనో ఉన్న మనిషి. తన ప్రాణం తన ఇష్టం అని మొదటివారు అనవచ్చు. మిగతా ఇద్దరి తరఫున అలా అనే హక్కు ఆయనకు లేదు. ప్రభుత్వం కల్పించుకునేది ఇక్కడే.

వైద్యులు ప్రమాదాన్ని రెండు రకాలుగా చూస్తారు. గుండెపోటు, మూర్ఛ వంటివి ఉన్నట్టుండి మనిషిని పడగొడతాయి. ఇవి అందరికీ కనిపించేవి. రెండో రకం నెమ్మదిగా పనిచేస్తుంది. నిద్రలేమి, జ్వరం, రక్తంలో చక్కెర తగ్గడం, మత్తు కలిగించే మాత్ర వంటివి మనిషిని పడగొట్టవు, ఆలోచనను మందగింపజేస్తాయి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మందగించిన బుద్ధికి తాను మందగించానన్న సంగతి తెలియదు.

నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

1944 డిసెంబరు 7న షికాగోలో పలు దేశాలు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. దాని ఫలితంగా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడింది. ఆ ఒడంబడికకు చేర్చిన అనుబంధాల్లో మొదటిది పైలట్లు మొదలైనవారి లైసెన్సులకు సంబంధించినది. వైద్య ప్రమాణాలు కూడా అందులోనే ఉన్నాయి. అవి మూడు తరగతులు. విమానం నడపడమే జీవనోపాధి అయినవారికి మొదటి తరగతి. సొంతానికి ఎగిరేవారికి రెండో తరగతి. నేల మీద నుంచి విమానాల రాకపోకలను నియంత్రించేవారికి మూడో తరగతి.

మన దేశంలో ఈ ప్రమాణాలకు చట్టబలం ఇచ్చినవి 1937 నాటి విమాన నియమాలు. వీటికి మూలమైన 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమలులోకి వచ్చింది. అమలు చేసే సంస్థ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డి.జి.సి.ఏ. 16 ఏళ్ళు నిండితే విద్యార్థి పైలట్ లైసెన్సుకు, 17 ఏళ్ళు నిండితే ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు అర్హత వస్తుంది. ప్రైవేట్ పైలట్ తన ఎగరడానికి జీతం గాని, కిరాయి గాని తీసుకోకూడదు. ఈ రెండు లైసెన్సులకూ రెండో తరగతి వైద్య ధ్రువపత్రం కావాలి. ఇంటిదగ్గరి డాక్టరు గారు రాసిచ్చిన చీటీ చాలదు. డి.జి.సి.ఏ. ఆమోదించిన వైద్యులే పరీక్షించాలి.

పత్రం ఎంతకాలం చెల్లుతుంది? ప్రైవేట్ పైలట్ విషయంలో అంతర్జాతీయ ప్రమాణం 60 నెలలు. 40 ఏళ్ళు దాటితే అది 24 నెలలకు తగ్గుతుంది. 50 దాటినవారికి 12 నెలలు చాలునని సిఫారసు. వయసు పెరిగేకొద్దీ శరీరంలో మార్పులు త్వరత్వరగా వస్తాయి కనుక తనిఖీలు కూడా దగ్గరవుతాయి. ఇవి గరిష్ఠ పరిమితులు. ఏ దేశమైనా ఇంతకంటే కట్టుదిట్టంగా పెట్టుకోవచ్చు. అందుచేత దరఖాస్తు చేసేవారు డి.జి.సి.ఏ. తాజా ఉత్తర్వులు చూసుకోవడం తప్పనిసరి.

పరీక్షలో ఏం చూస్తారు?

మొదట కళ్ళు. రెండో తరగతికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క కంటికి 6/12, రెండు కళ్ళూ కలిపి 6/9 చూపు ఉండాలి. 6/12 అంటే, మంచి చూపు ఉన్నవారు 12 మీటర్ల దూరం నుంచి చదవగల అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గర చదవగలరన్నమాట. ఈ చూపు కళ్ళజోడుతో వచ్చినా చాలు. కళ్ళజోడు ఉంటే పైలట్ కాలేమన్న మాట నిజం కాదు. కాకపోతే ఎగిరేటప్పుడు రెండో జత చేతికందేలా ఉంచుకోవాలి.

తరవాత రంగులు. రంగుల పరీక్ష మొదట రైళ్ళ కోసం వచ్చింది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. రైలు సిబ్బందిలో ఎవరికో రంగులు సరిగా తెలియకపోవడమే కారణమై ఉంటుందని హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త అనుమానించాడు. రంగురంగుల ఉన్ని పోగులతో ఆయన తయారుచేసిన పరీక్ష రైల్వేల్లో వ్యాపించింది. ఇప్పుడు చుక్కల మధ్య అంకెలను గుర్తించే ఇషిహారా పటాలు వాడుతున్నారు. విమానాల్లో దీని అవసరం ఏమిటి? రేడియో చెడిపోయినప్పుడు కంట్రోల్ టవర్ నుంచి దీపంతో సంకేతం ఇస్తారు. ఎగురుతున్న విమానానికి నిలకడైన ఆకుపచ్చ దీపం చూపితే దిగవచ్చని అర్థం. నిలకడైన ఎరుపు చూపితే ఇతర విమానానికి దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని అర్థం. రెంటినీ తారుమారు చేసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అయినా ఇషిహారా పటాల దగ్గర తడబడినంత మాత్రాన కథ ముగియదు. విమానయానంలో వాడే రంగు దీపాలను గుర్తించగలరేమో వేరే పరీక్ష చేయవచ్చు. అందులోనూ నెగ్గకపోతే, పగటిపూట మాత్రమే చెల్లేలా రెండో తరగతి పత్రం ఇవ్వడానికి అంతర్జాతీయ ప్రమాణం అవకాశమిస్తుంది.

మూడోది చెవి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, వైద్యుడికి వీపు పెట్టి 2 మీటర్ల దూరంలో నిలబడి, ఆయన మామూలు గొంతుతో మాట్లాడినది వినగలగాలి. పెదవుల కదలిక చూసి ఊహించకుండా ఉండేందుకే వీపు పెట్టమంటారు. చెవికి మరో పని కూడా ఉంది. గొంతు నుంచి చెవి లోపలికి పోయే సన్నని గొట్టం, పైకి ఎగిరినా కిందికి దిగినా గాలి ఒత్తిడిని సరిచేస్తూ ఉంటుంది. జలుబుతో అది మూసుకుపోతే దిగేటప్పుడు భరించలేని నొప్పి, తల తిరగడం కలగవచ్చు.

ఆ తరవాత గుండె, రక్తపోటు, ఊపిరితిత్తులు, మూత్రం, నరాలు, మానసిక స్థితి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 40 ఏళ్ళు దాటాక మొదటిసారి పత్రం తీసుకునేవారికి ఇ.సి.జి. తప్పనిసరి. 50 దాటాక కనీసం రెండేళ్ళకు ఒకసారి తీయాలి. మూర్ఛ, కారణం తెలియని స్పృహతప్పడం, ఇన్సులిన్ అవసరమైన మధుమేహం వంటి వాటిని చాలా జాగ్రత్తగా చూస్తారు. మధుమేహంలో చక్కెర పెరగడం కంటే మందు వల్ల హఠాత్తుగా పడిపోవడమే పైలట్‌కు ఎక్కువ ప్రమాదం.

ఛత్తీస్‌గఢ్‌లో తప్పక అడిగే ప్రశ్న

ఈ రాష్ట్రంలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. గిరిజనుల్లోనే కాక మరికొన్ని కులాల్లో కూడా కనిపిస్తుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఇక్కడ కూడా విస్తృతంగా రక్తపరీక్షలు జరిగాయి. పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం తెలిపే కార్డులు ఇస్తున్నారు. 'వాహకులు' అని రాసి ఉన్న కార్డు చేతికి వచ్చిన విద్యార్థికి, ఆకాశం ఇక తనది కాదేమోనన్న భయం కలగడం సహజం. కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా చూద్దాం.

రక్తంలో ప్రాణవాయువును మోసేది హీమోగ్లోబిన్. దానిని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ సికిల్ రకమైతే అది వ్యాధి. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని తీవ్రమైన నొప్పి కలిగిస్తాయి. ఒకటే సికిల్ జన్యువై రెండోది మామూలుదైతే ఆ మనిషి వాహకుడు, లేదా వాహకురాలు. వీరిలో ఎక్కువమందికి జీవితమంతా ఏ బాధా ఉండదు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సగమే. అందుకే ఒకప్పుడు వాహకులను కూడా విమానాలకు దూరంగా ఉంచారు. అమెరికా వైమానిక దళ అకాడమీ ఇలాంటి యువకులను చేర్చుకునేది కాదు. ఈ నిషేధం నల్లజాతి అభ్యర్థుల మీదనే ఎక్కువగా పడింది. న్యాయస్థానం దాకా వెళ్ళిన తరవాత, 1981లో దానిని ఎత్తివేశారు. వాహకులైనంత మాత్రాన సాధారణంగా అనర్హులు కారని అంతర్జాతీయ ప్రమాణాల్లోనే వివరణ ఉంది. వ్యాధి ఉన్నవారి సంగతి వేరు. వారి విషయంలో పూర్తి పరీక్షలు జరిపి నిర్ణయించాలి.

ఒక లెక్క చూడండి. భిలాయి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్లు, అంటే దాదాపు 1,000 అడుగుల ఎత్తున ఉంది. చిన్న విమానం పట్టీ చుట్టూ తిరిగేటప్పుడు సాధారణంగా నేలకు 1,000 అడుగుల పైన ఉంటుంది. మొత్తం 2,000 అడుగులు. మన అరకు లోయ 900 మీటర్లకు పైగా, అంటే సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అరకులో తిరిగి వచ్చినవారు భిలాయి మీద ఎగిరే ఆ విమానం కంటే ఎక్కువ ఎత్తులోనే ఊపిరి పీల్చి వచ్చారన్నమాట.

ఈ లెక్క చూసి కార్డు దాచిపెట్టవచ్చని అనుకోకూడదు. వాహకులా, వ్యాధిగ్రస్తులా అన్నది వైద్యుడు స్పష్టంగా తెలుసుకోవాలి. కార్డు చూపితే ఆ సందేహం తీరిపోతుంది. దాస్తే అది ఎప్పుడో ఒకప్పుడు బయటపడి, ఆరోగ్యం బాగున్నా మాట మీద నమ్మకం పోతుంది.

కాగితం చెల్లే రోజులు, చెల్లని రోజులు

వైద్య పరీక్ష ఒక్క రోజు జరుగుతుంది. మిగిలిన వందల రోజులు పైలట్ ఒంటి సంగతి పైలట్‌కే తెలుసు. అందుకే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. తన ఆరోగ్యం తగ్గిందని, దానివల్ల క్షేమంగా నడపలేకపోవచ్చని తెలిసిన పైలట్ తన లైసెన్సును వాడుకోకూడదు. పత్రం మీద గడువు ఇంకా మూడేళ్ళు ఉన్నా సరే, జ్వరం వచ్చిన రోజున ఆ పత్రం చెల్లదన్నట్టే.

జలుబు మాత్రనే తీసుకోండి. మన దగ్గర మందుల షాపులో దొరికే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్ వంటి మందు ఉంటుంది. దానితో నిద్రమత్తు వస్తుంది. అమెరికా రవాణా భద్రతా మండలి, 1990 నుంచి 2012 వరకు ప్రమాదాల్లో మరణించిన పైలట్ల రక్తపరీక్షలను పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చింది. చురుకుదనాన్ని తగ్గించే మందుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది డైఫెన్‌హైడ్రమైన్. అది కూడా జలుబు, ఎలర్జీలకు వాడే మందే. ప్రమాదాలన్నీ దాని వల్లనే జరిగాయని ఆ నివేదిక అర్థం కాదు. గొప్ప రోగాల కంటే ఇంటి అలమారలో ఉండే మాత్ర గురించి ఎక్కువ ఆలోచించాలని మాత్రం అది గుర్తు చేస్తుంది.

మద్యం విషయంలో మన నియమం సూటిగా ఉంది. ఎగరడానికి ముందు 12 గంటల లోపల తాగకూడదు. 12 గంటలు గడిచినా మత్తు మిగిలి ఉంటే అప్పుడూ ఎగరకూడదు.

భిలాయివారికి రెండు మాటలు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది నిద్ర. నైట్ షిఫ్టు దిగినవారు ఒంట్లో హుషారుగానే ఉందనుకుంటారు. రాత్రంతా మేలుకున్న మెదడుకు ఆ హుషారు ఎంతసేపో ఉండదు. షిఫ్టు దిగిన ఉదయం ఎగరవద్దు. రెండోది ఎండ. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీల దాకా వేడి పోతుంది. చిన్న విమానాల్లో చాలావాటికి ఏ.సి. ఉండదు. అద్దాల కింద కూర్చున్న మనిషి చెమటతో నీరు కోల్పోయి, దాహం తెలియకముందే నీరసిస్తాడు. ఫర్నేసు దగ్గర పనిచేసేవారికి మజ్జిగ, ఉప్పు నీళ్ళ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. విమానం ఎక్కేటప్పుడు కూడా ఆ అలవాటు మానవద్దు.

కట్టడి ఎంతవరకు?

సరదాకు ఎగిరేవారి మీద ఇంత కట్టడి అవసరమా అన్న చర్చ ప్రపంచమంతటా సాగుతోంది. అమెరికాలో 2004లో తేలికపాటి విమానాలకు వేరే లైసెన్సు వచ్చింది. దానికి కారు డ్రైవింగు లైసెన్సునే ఆరోగ్యానికి ఆధారంగా ఒప్పుకున్నారు. 2017 మే 1 నుంచి అక్కడ మరికొన్ని విమానాలకు సడలింపు ఇచ్చారు. ఒకప్పుడు విమానయాన సంస్థ పత్రం పొంది ఉన్నవారు, నాలుగేళ్ళకు ఒకసారి మామూలు డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని, రెండేళ్ళకు ఒకసారి ఆరోగ్య పాఠం పూర్తి చేస్తే చాలు. బ్రిటన్‌లో 2016 నుంచి, తాము ఆరోగ్యంగా ఉన్నామని పైలట్లే ప్రకటించుకునే పద్ధతి చిన్న విమానాలకు వచ్చింది. మన దేశంలో మాత్రం ఆమోదం పొందిన వైద్యుడి పరీక్షే విద్యార్థి పైలట్‌కు, ప్రైవేట్ పైలట్‌కు దారి.

సడలింపు కోరేవారి వాదనలో బలం ఉంది. పత్రం పోతుందన్న భయంతో కొందరు అసలు డాక్టరు దగ్గరకే వెళ్ళరు. గుండెలో కలుక్కుమన్నా నోరు విప్పరు. అమెరికా 2004 నియమంలో ఒక విచిత్రం కూడా ఉంది. పాత పద్ధతిలో దరఖాస్తు చేసి చివరిసారి తిరస్కారం పొందినవారు డ్రైవింగు లైసెన్సు దారిలో రాలేరు. అసలు దరఖాస్తే చేయనివారు రావచ్చు. అంటే నిజం చెప్పి పరీక్షకు వెళ్ళినవారికి నష్టం, వెళ్ళనివారికి లాభం.

కట్టడి కావాలనేవారికి 2015 మార్చి 24 గుర్తుకు వస్తుంది. ఆ రోజు జర్మన్‌వింగ్స్ విమానాన్ని దాని కో పైలట్ ఆల్ప్స్ పర్వతాల్లో కావాలనే కూల్చాడు. 150 మంది మరణించారు. పని చేయవద్దని డాక్టర్లు రాసిచ్చిన చీటీలను అతడు యాజమాన్యానికి చూపలేదు. అది పెద్ద విమానం, మొదటి తరగతి పత్రం. అంత కఠినమైన పరీక్ష ఉన్నా మనిషి దాచినదాన్ని పత్రం పట్టుకోలేకపోయింది. తరవాత ఐరోపాలో చేసిన మార్పుల్లో, పైలట్లు భయం లేకుండా తోటి పైలట్లతో తమ మనసులోని బాధ చెప్పుకునే ఏర్పాటు కూడా ఒకటి.

రెండు వాదాలూ చివరికి ఒకచోటికే వస్తాయి. పరీక్ష ఎంత కఠినమన్నది ఒక్కటే కాదు, నిజం చెప్పినవారికి ఏం జరుగుతుందన్నది కూడా అంతే ముఖ్యం. నిజం చెప్పినవారికి దారి చూపే నియమం క్షేమాన్ని పెంచుతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక వెసులుబాటు ఉంది. ప్రమాణం అందుకోలేకపోయినా, ఆ లోపం క్షేమానికి అడ్డు రాదని నిపుణులు తేల్చితే, మనిషి నేర్పును, అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని, అవసరమైతే షరతులతో పత్రం ఇవ్వవచ్చు. అమెరికాకు చెందిన వైలీ పోస్ట్ 1926లో నూనె బావి దగ్గర జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. ఆయనే 1933లో ఒంటరిగా విమానంలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషి అయ్యాడు.

దరఖాస్తు చేసేవారికి

శిక్షణ రుసుము చెల్లించేముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఎగరడం నేర్వడం ఖరీదైన వ్యవహారం. తండ్రి భవిష్యనిధి నుంచి సొమ్ము తీసి కట్టిన తరవాత అనర్హత బయటపడితే ఆ నష్టం ఇంటిల్లిపాదిదీ. ముందు ముందు ఉద్యోగంగా మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే మొదటి తరగతి పరీక్షలో నిలుస్తారో లేదో కూడా అప్పుడే తెలుసుకోవడం మేలు. పాత జబ్బుల కాగితాలు, ఆపరేషన్ల వివరాలు, వాడుతున్న మందుల పేర్లు వెంట తీసుకువెళ్ళాలి. ఫలితంలో 'తాత్కాలికంగా అనర్హులు' అని వస్తే నిరాశ పడనక్కరలేదు. రక్తపోటు, బరువు వంటివి సరిచేసుకుని మళ్ళీ వెళ్ళవచ్చు. శాశ్వత అనర్హత అన్నా పునఃపరిశీలన కోరే వీలుంది.

సారాంశం

వైద్య ధ్రువపత్రం పైలట్‌తో పాటు పక్క సీటులోనివారిని, కింద ఉన్నవారిని కూడా కాపాడేందుకు ఉద్దేశించినది. సరదాకు ఎగిరేవారికి రెండో తరగతి పత్రం కావాలి. కళ్ళజోడు గాని, సికిల్ సెల్ వాహకత్వం గాని దానంతట అది అడ్డంకి కాదు. పత్రం ఒక రోజు ఆరోగ్యాన్ని చెబుతుంది. మిగతా రోజుల ఆరోగ్యానికి పైలట్ మాటే పూచీ. ఆ మాట నిజమైనదైతేనే కాగితానికి విలువ.

ఆలోచించండి

1. కర్మాగారంలో క్రేన్ నడిపేవారికీ, సరదాకు విమానం నడిపేవారికీ వైద్య పరీక్ష అవసరం కావడంలో పోలిక ఏమిటి? తేడా ఏమిటి?

2. సికిల్ సెల్ వాహకులకూ, వ్యాధిగ్రస్తులకూ మధ్య తేడా ఏమిటి? ఎత్తుకు పోయినప్పుడు ఆ తేడా ఎందుకు ముఖ్యం?

3. మీ పత్రం ఇంకా రెండేళ్ళు చెల్లుతుంది. నిన్న రాత్రి జలుబు మాత్ర వేసుకున్నారు. ఈ ఉదయం ఎగరవచ్చా? మీ జవాబుకు కారణం చెప్పండి.